సీటు కింద ఎర్ర గీత

సోమవారం పొద్దున సైకిలెక్కి మడమను పెడల్‌కు ఆనించగానే కావ్యకు తెలిసిపోయింది, సీటు మళ్లీ దిగిందని.

మడమ ఆనించినప్పుడు కాలు పూర్తిగా చాచుకోవాలి, మోకాలు వంగకూడదు. కోచ్ కరుణాకర్ సార్ నేర్పిన కొలత అది. ఇప్పుడు మోకాలు వంగుతోంది. తేడా ఎంతో లేదు, వేలి మందం. ఆ వేలి మందమే మోకాలి చిప్ప కింద సూదిలా గుచ్చుతోంది. నిన్న పొద్దున కూడా ఇంతే, మొన్నా ఇంతే. రోజూ పైకి లేపి బిగిస్తోంది, మర్నాటికి దిగి ఉంటోంది.

ఆమె సైకిల్ దిగి, సంచిలోంచి చిన్న పానా తీసి, సీటు రాడ్డును పట్టి ఉంచే క్లిప్పు బోల్టును వదులు చేసింది. సీటును పైకి లాగి, కూర్చుని చూసుకుని, దిగి మళ్లీ బిగించింది. డ్యాం కట్ట మీద ఇంకా మంచు విడవలేదు. పడవలు, సైకిళ్లు పెట్టే అర్ర ముందు వందన తన సైకిల్ టైరుకు గాలి కొడుతూ తలెత్తింది.

"మల్లనా?"

"మల్లనే."

"రోజు గిదే లొల్లాయె నీకు. మోకాలు నొస్తే రెండు దినాలు బంద్ పెట్టరాదే. గంతల నేను తోల్త దాన్ని," అని నవ్వింది వందన.

కావ్య నవ్వలేదు. పానాను సంచిలో వేసుకుని జిప్పు లాగింది.

క్లబ్బుకు ఉన్న ఒకే ఒక్క రేసు సైకిల్ అది. ఎవరో దాత ఇచ్చింది. ఒంటిచేత్తో ఎత్తేయొచ్చు. ఆదివారం కరీంనగర్‌లో జరిగే ట్రయథ్లాన్‌కు క్లబ్బు నుంచి ఇద్దరు ఆడపిల్లలు దిగుతున్నారు. ముందు మానేరు డ్యాం నీళ్లలో ఈత, ఒడ్డుకు రాగానే బైపాస్ రోడ్డు మీద సైకిల్, సైకిల్ దిగగానే కట్ట మీద పరుగు. సార్ ఇద్దరినీ బైపాస్ మీద తోలించి చూసి రేసు సైకిల్‌ను కావ్యకిచ్చాడు. వందన వాళ్లన్న వాడి వదిలేసిన గేర్ల సైకిల్ తెచ్చుకుంది. ఇనుప మంచమంత బరువు అది. ఆ రోజు వందన ఒక్క మాట కూడా అనలేదు. అప్పుడది మంచితనంలా అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే, అంత పెద్ద విషయానికి మనిషి ఏమీ అనకుండా ఎట్లా ఉంటుందని కావ్యకు అనుమానం వస్తోంది.

అర్రకు తాళం చెవులు రెండే. ఒకటి సార్ దగ్గర, ఇంకొకటి వందన దగ్గర. ఆమె హాస్టల్ దగ్గరే, రోజూ ముందొచ్చి తలుపు తీసేది ఆమే. కావ్య బెస్తవాడ నుంచి కట్ట పొడుగునా నడిచి రావాలి. పైగా వందన కావ్యకన్నా పొట్టి. సీటు కిందికి దిగితే ఎవరి కాళ్లకు సరిపోతుందో చెప్పడానికి పెద్ద లెక్కలేమీ అక్కర్లేదు.

బైపాస్ ఎక్కగానే గాలి మొదలైంది. వానాకాలం వరికోతలై, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. మిగిలిన సగంలో గ్రానైట్ రాళ్ల లారీలు పోతున్నాయి. లారీ దాటినప్పుడల్లా గాలి ఒకసారి పక్కకు నెట్టి, మరుక్షణం లోపలికి గుంజుతుంది. కావ్య నడుము వంచి, మోచేతులు దగ్గరికి తెచ్చుకుని, ముందు చక్రం అవతలి తారునే చూస్తూ తొక్కింది. సార్ స్కూటర్ మీద పక్కకొచ్చాడు.

"కాళ్లు ఆపకు. గుట్ట రోడ్డయితే ఎక్కినంక దిగుడు దొరుకుతది. గిది పళ్లెం లెక్కుంటది. నువ్వు ఆపితే గాలి నిన్ను ఆపుతది."

కావ్య తలూపింది. ఈత గురించి ఆమెకు ఫికర్ లేదు. బాపు పర్శరాములు తెప్ప మీద వలలు వేస్తుంటే చిన్నప్పటి నుంచి ఆ నీళ్లలోనే పెరిగింది. పరుగు కూడా నడిచిపోతుంది. భయమంతా సైకిల్ మీదే. నీళ్లలో సంపాదించుకున్నదంతా ఈ చదును రోడ్డు మీద పోగొట్టుకుంటానేమోనని భయం. చంక కింది నుంచి వెనక్కి చూసింది. వందన దూరంగా, ఆ బరువు సైకిల్ మీద అటూఇటూ ఊగుతూ వస్తోంది. ఆ దూరం పోయిన వారం కన్నా తగ్గిందా? తగ్గినట్టే ఉంది. తన మోకాలు నొప్పి పుట్టినప్పటి నుంచే తగ్గుతోంది.

కట్ట దగ్గరికి రాగానే కావ్య సైకిల్‌ను అర్ర గోడకు ఆనించి పరుగందుకుంది. దిగీ దిగగానే పరుగెత్తడం కాళ్లకు అలవాటు చేయాలి, ఆగకూడదు. వెనకాలే వచ్చే వందన రెండు సైకిళ్లనూ లోపల పెట్టి తాళం వేసి తన పరుగు మొదలుపెడుతుంది. కావ్య తిరిగొచ్చేసరికి అర్ర మూసి ఉంటుంది. అంటే సైకిల్‌ను చివరగా ముట్టుకునేదీ వందనే, పొద్దున మొదట ముట్టుకునేదీ వందనే.

మంగళవారం కావ్య ఇంటి నుంచి గోళ్ల రంగు సీసా జేబులో వేసుకొచ్చింది. వందన నీళ్ల సీసా నింపుకోవడానికి బోరింగు దగ్గరికి పోయినప్పుడు, సీటు లేపి బిగించి, క్లిప్పుకు సరిగ్గా పైన రాడ్డు మీద సన్నగా ఎర్ర గీత గీసింది. ఆరేదాకా నోటితో ఊదింది. వందన తిరిగొచ్చి, "ఏం జేస్తున్నవే?" అంటే, "దుమ్ము తుడుస్తున్న," అంది. అబద్ధం ఇంత తేలిగ్గా వచ్చినందుకు తనకే కొంచెం వింతగా అనిపించింది.

బుధవారం పొద్దున వచ్చి వంగి చూసింది. గీత లేదు. వేలితో తడిమింది. క్లిప్పు లోపలికి పోయింది.

కోపం కంటే ముందు ఒకరకమైన సంతోషం కలిగింది. తను అనుకున్నదే నిజమైంది.

సార్ స్కూటర్ ఆపి హెల్మెట్ తీస్తున్నాడు. పడవల కాపలాదారు బుచ్చిరాములు అర్ర ముందు ఊడుస్తున్నాడు. ఈతకొచ్చిన నలుగురైదుగురు మెట్ల మీద తువ్వాళ్లు పరుచుకుంటున్నారు.

"సార్, నా సీటును ఎవలో రోజు దింపుతున్రు," అంది కావ్య.

"ఎవలు దింపుతరు?"

"నిన్న పొద్దున గీత పెట్టిన సార్. గీత మీదికున్నది. ఇయ్యాల లోపటికి పోయింది. నడుమ అర్ర తాళం తీసింది ఒక్కలే."

అందరూ వందన వైపు తిరిగారు. వందన పంపు పట్టుకుని కూర్చున్నదల్లా లేచి నిలబడింది.

"నన్నే అంటున్నవా కావ్యా?"

"నిన్నే అంటున్న."

"సీటు దింపితే నాకేమొస్తది?"

"నా మోకాలు పోతే సైకిల్ నీకొస్తది."

బుచ్చిరాములు చీపురు ఆపాడు. "నేను మొన్న చూసిన సార్. అర్రల గా సైకిలెక్కి కూసున్నది ఈ పిల్ల. నాకెందుకులే అని ఊకున్న."

వందన ముఖం ఎర్రబడింది. "కూసున్న. ఒక్కపాలి. ఎట్లుంటదో చూద్దామని కూసున్న. సీటు ముట్టలే."

కూర్చున్నానన్న మాట అందరికీ వినిపించింది. ముట్టలేదన్న మాట ఎవరికీ వినిపించలేదు. మెట్ల మీది నుంచి ఒకామె, వందన తనను మోకాలి నొప్పికి ఎన్నాళ్లు పడుతుందని అడిగిందని చెప్పింది. ఇంకొకతను, రేసు సైకిల్ ఖరీదు అడిగిందన్నాడు. సార్ నుదురు రుద్దుకున్నాడు.

"నాకు ముందుగాలనే డౌటున్నది. సైకిల్ ఆమెకిచ్చిన్నాటి నుంచి నీ మొఖం నేను చూస్తనే ఉన్న. తాళం చెవి ఇటియ్యి. ఆదివారం నీ పేరు కొట్టేపిస్త."

అంత తొందరగా అంత శిక్ష పడుతుందని కావ్య అనుకోలేదు. సీటు బోల్టు వైపే చూసింది.

వందన మెడలోని దారానికున్న తాళం చెవి విప్పింది. సార్ చేతికివ్వలేదు. అక్కడున్న పడవ అంచు మీద పెట్టింది. సైకిల్ తీసుకుని పోతూ కావ్య దగ్గర ఆగింది.

"క్లబ్బు గాలి పంపు దొరకకుంట పోయిన్నాడు అందరు నీ సంచి దిక్కు చూసిన్రు. నేను చూడలే."

అంతే అని పోయింది. ఆ మధ్యాహ్నమే హాస్టల్ ఖాళీ చేసి హుజూరాబాద్ బస్సెక్కిందని తర్వాత తెలిసింది.

సాయంత్రం కావ్య చేపల బజారులో తల్లి పక్కన కూర్చుంది. శంకరవ్వ కత్తిపీట మీద బొచ్చె చేప పొలుసు గీకుతోంది. అంతకుముందే కొనుక్కుపోయిన ఒకాయన సంచి పట్టుకుని తిరిగొచ్చాడు.

"కిరాణం దుకాణంల జోకిచ్చిన. తక్కువొచ్చింది."

శంకరవ్వ సంచి విప్పి ముక్కలు తక్కెట్లో పోసి, పైన ఇంకో ముక్క వేసి ఇచ్చింది. ఆయన దాన్ని తీసుకుని కూడా, ఇదివరకు ఎన్నిసార్లు మోసపోయానో అన్నట్టు తక్కెడ వైపు చూసుకుంటూ పోయాడు.

"అవ్వా, నువ్వు తక్కువ జోకినవా?"

"నీళ్లు కారినయి, గంతే."

"మల్ల చెప్పకపోతివి?"

"చెప్తె ఇంటడా? గాయన అనుకోనే వచ్చిండు." శంకరవ్వ చేపను తిప్పి రెండో వైపు గీకింది. "నీ మొఖమేంది గట్లున్నది?"

కావ్య వందన సంగతి చెప్పింది. గీత పెట్టిన తెలివి గురించి కాస్త ఎక్కువగానే చెప్పింది.

"దింపంగ చూసినవా?"

"గీత పెట్టిన అంటున్న గద."

"గీత సరే. పిల్లను చూసినవా?"

"ఇంకెవలు దింపుతరవ్వా? తాళం చెవి ఆమె దగ్గరనేనాయె."

శంకరవ్వ ఇంకో చేప అందుకుని గీకింది. పొలుసు ఎగిరి కావ్య ముంజేతికి అంటుకుంది. ఆమె దాన్ని గోటితో తీసేసింది.

సైకిల్‌ను ఇక ఇంట్లోనే పెట్టుకొమ్మన్నాడు సార్. గురువారం మోకాలికి విశ్రాంతి. బాపు వలలు వేలాడే కొయ్యల పక్కన సైకిల్‌ను నిలబెట్టి గొలుసుతో కట్టేసింది. తాళం చెవి తన దగ్గరే ఉంచుకుంది. వీధిలో పోయేవాళ్లు తొంగి చూస్తే లోపలి నుంచి బయటికొచ్చి నిలబడింది. తమ్ముడి వరసయ్యే వాడొకడు గంట మోగించబోతే గద్దించింది. పర్శరాములు తెగిన వల కన్నులు కుడుతూ చూస్తున్నాడు.

"గిన్ని దినాలు లేని కాపలా ఏంది బిడ్డా?"

"మంది మంచిగ లేరు బాపు."

"మన వాడల సుత?"

కావ్య గొలుసును ఇంకోసారి లాగి చూసుకుంది.

శుక్రవారం పొద్దున చివరిసారి మొత్తం దారి తొక్కి చూసుకోవాలి. సార్ ఏర్పాట్ల పనిలో ఉన్నాడు, రాలేదు. కావ్య ఇంటి ముందే సీటు లేపి బిగించి, కొత్తగా గీత గీసి, ఒక్కతే బయల్దేరింది. మొదట్లో హాయిగా సాగింది. ఎవరూ ముట్టని సైకిల్ ఎంత బాగుందో అనుకుంది. తీగల వంతెన వైపు మలుపు దాటాక గాలి ఎదురైంది. పంటి బిగువున తొక్కుతుంటే మోకాలి కింద సూది గుచ్చుకుంది. కాసేపు ఓర్చుకుంది. తర్వాత కాళ్లు ఆపింది.

రోడ్డు పక్కన వడ్ల పక్కనే దిగి వంగి చూసింది. గీత లేదు.

ఆమె చటుక్కున చుట్టూ చూసింది. ఎవరు దింపారు? నిజంగానే ఆ ప్రశ్న వేసుకుంది. అటు చివర ఒక ముసలామె వడ్లలో పాదాలు ఈడ్చుకుంటూ చాళ్లు తీస్తోంది. అవతల ఒక కుక్క పడుకుని ఉంది. రోడ్డంతా ఖాళీ.

కావ్య అట్లాగే నిలబడిపోయింది. ఆ తర్వాత సీటు పైకి లాగి, పానా వేళ్లకు గుచ్చుకునేదాకా బిగించింది. అనుమానం మొదలైనప్పటి నుంచీ గోళ్ల రంగు సీసా జేబులోనే ఉంటోంది. మళ్లీ గీత గీసింది. ఎక్కి, కనిపిస్తున్న వేపచెట్టు దాకా గట్టిగా తొక్కి దిగింది. గీత సగం లోపలికి పోయింది. ఇంకొంత దూరం తొక్కింది. మొత్తం పోయింది.

క్లిప్పు వదులు చేసి రాడ్డును పూర్తిగా బయటికి లాగింది. వేళ్లకు జిడ్డు తగిలింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మిషను నూనె వాసన.

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన వారం అకాల వాన పడినప్పుడు సైకిలంతా బురదైంది. అంత ఖరీదైన సైకిల్ తన చేతిలో తుప్పు పట్టిందంటే ఎంత మాట పడాలోనని, కట్ట మీద కూర్చుని ఏ భాగానికి ఆ భాగం విప్పి, తుడిచి, ఎక్కడ ఇనుము కనిపిస్తే అక్కడ నూనె రాసింది. సీటు రాడ్డుకు కూడా రాసింది. అది జారకుండా పట్టుతో నిలవాల్సిన చోటని తెలియదు. తర్వాతి రోజు నుంచే సీటు దిగడం మొదలైంది. తను తొక్కుతుంటేనే, తన బరువుకే దిగింది. రోజూ లేపింది తనే, రోజూ దింపిందీ తనే.

"సైకిల్ కరాబైందా బిడ్డా?" ముసలామె అడిగింది.

"లేదవ్వా. సైకిల్ మంచిగనే ఉన్నది."

సైకిల్‌ను నడిపించుకుంటూ ఇంటికొచ్చింది. కిరోసిన్‌లో గుడ్డ ముంచి రాడ్డును, గొట్టం లోపలి భాగాన్ని తుడిచింది. సబ్బుతో కడిగి ఆరబెట్టింది. సాయంత్రం కట్ట మీద అటూఇటూ తొక్కి చూసుకుంది. గీత కదల్లేదు. కదిలి ఉంటే బాగుండునని, ఇంకేదో కారణం ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. తనకు తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు కూడా.

శనివారం పొద్దున్నే హుజూరాబాద్ బస్సెక్కింది.

వందన వాళ్ల వాకిట్లో వడ్లు సంచులకెత్తుతున్నారు. వందన చేటతో పోస్తోంది, వాళ్లమ్మ దేవవ్వ సంచి మూతి పట్టుకుంది. కావ్యను చూసి వందన చేట దించలేదు.

"సార్ పంపిండా?"

"లేదు. నేనే వచ్చిన."

"ఇంకేం పోయింది?"

దేవవ్వ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "దోస్తా నీకు? కూసో బిడ్డా, చాయ పెడ్త. రేపు నువ్వు సుత ఉరుకుతున్నవా?" అని లోపలికి పోయింది. ఆమెకేమీ తెలియదన్నమాట.

కావ్య నిలబడే చెప్పింది. వాన, నూనె, బైపాస్ మీద గీత జారడం. ఎక్కడా తనను కాపాడుకోకుండా చెప్పాలని బస్సులో అనుకుంది. అయినా మధ్యలో, "నాకు తెల్వక రాసిన," అనే మాట రెండుసార్లు వచ్చింది. వందన సంచి నింపడం ఆపలేదు.

"నూనె నువ్వే రాసినవు."

"నేనే."

"మా బాపు దుబాయ్ నుంచి ఫోన్ జేసిండు. రేపటిది వీడియో తీసి పంపుమన్నడు. జరమొచ్చింది, పోతలేనని జెప్పిన. అమ్మకు సుత గదే జెప్పిన. వాళ్లు నమ్మిన్రు." చేట నేలకు తాటించి అంటుకున్న గింజలు దులిపింది. "గిది నాకెందుకు జెప్తున్నవు? నేను దింపలేదని నాకు తెల్వదా? తెల్వనోళ్లకు జెప్పు."

"చెప్త. సాయంత్రం అందరొస్తరు. చెప్త."

"చెప్పినవో లేదో నాకెట్ల తెల్వాలె?"

"వచ్చి అడుగు."

వందన ఇంకో చేట ఎత్తి పోసింది. దేవవ్వ చాయ తెచ్చింది. వేడిగా ఉన్నా గుక్కల్లో తాగేసి కావ్య లేచింది.

సాయంత్రం కట్ట కింది మైదానంలో సైకిళ్లు వరసగా స్టాండ్లకు వేలాడదీస్తున్నారు. హైదరాబాద్ నుంచి, వరంగల్ నుంచి వచ్చినవాళ్లు తమ సైకిళ్లను గుడ్డలతో తుడుచుకుంటున్నారు. కావ్య సార్‌ను పక్కకు పిలిచి చెప్పింది. ఆయన ఆమె చేతిలోని, రాడ్డు తుడిచిన జిడ్డు గుడ్డను చూశాడు.

"ఆమె పేరు మల్ల ఎక్కిస్తరా సార్?"

"లిస్టు బందైంది. నంబర్లు ఇచ్చుడు సుత అయిపోయింది." గొంతు తగ్గించాడు. "చూడు, అయ్యిందేదో అయ్యింది. రేపటి దినం దాటనీ. ఇప్పుడు గీ ముచ్చట ఎత్తినవంటే సక్కగ అడగకుంట పిల్లను ఎల్లగొట్టిండని నన్నంటరు. నిన్ను సుత అంటరు. ప్రశాంతంగ పోయి పండుకో."

ఆయన చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు. కావ్య తలూపి, ఆయన అటు తిరగగానే పడవల అర్ర వైపు నడిచింది. ఈతవాళ్లు మెట్ల మీదే ఉన్నారు. బుచ్చిరాములు తాడు చుడుతున్నాడు.

"వందన సీటు దింపలే," అంది. గొంతు అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. "నేను రాడ్డుకు నూనె రాసిన. నేను తోల్తుంటే అదే జారింది. నిన్న బైపాస్ మీద కండ్లార చూసిన. తప్పు నాది."

మొన్న ఖరీదు సంగతి చెప్పినతను, "మల్ల బుధవారం గంత గట్టిగ ఎట్ల జెప్పినవు?" అన్నాడు. మోకాలి సంగతి చెప్పినామె పక్కామెతో, "ఇద్దరు రాజీ అయినట్టున్నరు," అంది, వినపడేట్టే. బుచ్చిరాములు తాడు ముడి బిగించాడు.

"ఏమో బిడ్డా. ఆమె కూసున్నదైతే నిజమే గద."

బుధవారం ఒక్క మాటకే అందరి చూపూ వందన మీదికి తిరిగింది. ఇవాళ ఎంత చెప్పినా తిరిగి రాలేదు. కొంత తన మీదికి వచ్చింది, అంతే. కావ్య జిడ్డు గుడ్డను మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి పోయింది.

ఆదివారం పొద్దున మంచు దట్టంగా పట్టింది. కావ్య సైకిల్ దగ్గర బూట్లు సర్దుకుంటుంటే, తాడు అవతల చున్నీ తలకు చుట్టుకుని వందన కనిపించింది. మొదటి బస్సుకే వచ్చినట్టుంది. పక్కనే బుచ్చిరాములు ఉన్నాడు.

"చెప్పినవట," అంది వందన.

"చెప్పిన."

"ఈయన ఇంకా నమ్ముతలేడు."

"తెల్సు."

కావ్య సైకిల్‌ను స్టాండు నుంచి దించి తాడు దాకా నడిపించుకొచ్చింది. పానా తీసి ఇచ్చింది.

"జర నువ్వు బిగించు."

"నేనా?"

చుట్టుపక్కల వాళ్లు చూస్తున్నారు. కాస్త దూరం నుంచి సార్ కూడా చూస్తున్నాడు. వందన చేయి చాపలేదు.

"తొవ్వల జారితే మల్ల నా పేరే జెప్తరు."

"నేను జెప్ప."

వందన కొంచెంసేపు ఆలోచించి పానా అందుకుంది. వంగి, బోల్టులో దూర్చి, వేళ్ల కణుపులు తెల్లబడేదాకా తిప్పింది. సీటును రెండు చేతులతో మెలిపెట్టి చూసి, పానా వెనక్కిచ్చింది.

నీళ్లు చల్లగా ఉన్నాయి. కావ్యకు అదే కావాలి. మిగతావాళ్లు మంచులో, నీటి మీద తేలే దారి గుర్తుల కోసం తలలెత్తి వెతుక్కుంటుంటే, ఆమె బాపు తెప్ప పోయే దారెంట పోయింది. ఆడపిల్లల్లో మొదట ఒడ్డెక్కింది ఆమే. తడి బట్టల మీదే సైకిలెక్కి బైపాస్ మీదికొచ్చింది. రోడ్డును మూసేశారు, లారీలు లేవు. గాలి మాత్రం ఎప్పటిలాగే ఎదురుగా ఉంది. కాళ్లు ఆపకుండా తొక్కింది. వెనక నుంచి సన్నటి టైర్ల చప్పుడుతో ఒకామె దాటింది, తర్వాత ఇంకొకామె. దాటినవాళ్ల వెనక గాలి చాటుకు చేరితే రేసులో తప్పు కింద లెక్క, దూరం విడవాలి. విడిచి మళ్లీ తన గాలిని తనే చీల్చుకుంది.

వెనక్కి తిరిగే మలుపు దగ్గర మోకాలు చిన్నగా కలుక్కుమంది.

సరిగ్గా బిగించిందా?

ఆ ఆలోచనను ఆమె పిలవలేదు, అదే వచ్చింది. కోపంతో ఉన్న మనిషి. ఇంత అవమానం పడ్డ మనిషి. అందరి ముందూ గట్టిగా తిప్పినట్టు తిప్పి... కావ్య మెడ దానంతటదే కిందికి వంగబోయింది. తొడల మధ్య నుంచి చూస్తే గీత ఉందో లేదో తెలిసిపోతుంది. బుధవారం పొద్దున కలిగిన సంతోషం గుర్తొచ్చింది. అనుకున్నదే నిజమైతే మనిషికి ఎంత బాగుంటుందో ఆమెకిప్పుడు తెలుసు. తల ఎత్తి దూరంగా తీగల వంతెన స్తంభాల వైపు చూపు నిలిపింది. మోకాలు నొస్తే నొయ్యనీ అనుకుని కాళ్లు తిప్పింది. అట్లాగే తిప్పుతూ కట్ట దాకా వచ్చింది. పరుగులో ఇంకొకామె దాటింది.

నాలుగో స్థానం. స్టేజీ మీదికి ముగ్గురినే పిలిచారు. సార్ వచ్చి భుజం తట్టాడు.

"గా మోకాలు సక్కగుంటే కొట్టేదానివే," అంటూ తాడు వైపు ఒకసారి చూశాడు. ఆయన కూడా ఇంకా పూర్తిగా నమ్మలేదని కావ్యకు అర్థమైంది.

మంచు విడిచి ఎండ పడింది. జనం స్టేజీ వైపు పోయారు. కావ్య సైకిల్‌ను నడిపించుకుంటూ బయటికొచ్చింది. వందన పడవల అర్ర మెట్టు మీద కూర్చుని ఉంది.

"జారిందా?"

"నేను చూడలే."

వందన లేచి వచ్చి వంగి చూసింది. "జారలే," అంది. నిటారుగా నిలబడింది. "నాకింకా కోపం పోలే కావ్యా."

"పొమ్మంటలేను."

బైపాస్‌ను ఇంకా తెరవలేదు. పోలీసుల బారికేడ్లు అట్లాగే ఉన్నాయి. రోడ్డు ఖాళీగా, ఎండలో మెరుస్తోంది. కావ్య సైకిల్‌ను వందన వైపు వాల్చింది.

"తోల్తవా?"

వందన సైకిల్ వైపు, ఆమె వైపు, అర్ర ముందు నిలబడ్డ బుచ్చిరాములు వైపు చూసింది. సార్ కూడా ఇటే నడిచొస్తున్నాడు.

"నాకు సీటు ఎత్తయితది."

కావ్య జేబులోంచి పానా తీసి ఆమె చేతిలో పెట్టింది.

"దింపుకో."

వందన మోకాళ్ల మీద కూర్చుంది. అందరూ చూస్తుండగా బోల్టు వదులు చేసి, సీటు మీద అరచెయ్యి ఆనించి, నిమ్మళంగా కిందికి నొక్కింది. ఎర్ర గీత క్లిప్పులోకి పోయింది. బిగించి, చున్నీని నడుముకు కట్టుకుని ఎక్కి, మడమను పెడల్‌కు ఆనించి చూసుకుంది. ఆ తర్వాత వెనక్కి చూడకుండా బైపాస్ మీదికి పోయింది.